కానుకల సంచిలో రెండో చీటీ

ఆదివారం చర్చిలో కానుకల సంచి నా వరుస దగ్గరికి వచ్చినప్పుడల్లా పాత మఖమల్ గుడ్డ వాసన, చెమట పట్టిన నాణేల వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ వాసనకు ప్రార్థనలో ఉండవలసిన మనసు ఎస్తేరు టీచరు దగ్గరికి పోతుంది.

రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన ఆమె, మా కంచరపాలెం సంఘంలో పిల్లలకు సండేస్కూలు నడిపేది. నాకు బైబిలు వాక్యం నేర్పింది ఆమే. తప్పు లేకుండా కంఠతా చెప్పినా మెచ్చుకునేది కాదు. "వప్పసెప్పీసినావు, బాగుంది. అర్థమేట్రా?" అనేది. జవాబు రాకపోతే బయట మెట్టు మీద కూర్చుని ఆలోచించుకుని రమ్మనేది. లోపలికంటే ఆ మెట్టు మీదే నేను గడిపిన ఆదివారాలు ఎక్కువ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, స్టీలుప్లాంటులో ఉద్యోగం కుదురుకున్నాక, నేనూ నా భార్య మార్తా ఒక ఇల్లు కొనాలనుకున్నాం. అద్దెకిచ్చి, రిటైరయ్యాక దాని మీద బతకాలని ఆశ. లోను ఒక్కసారే వస్తుంది. పొరపాటు చేస్తే మళ్లీ దిద్దుకోలేం. మధురవాడ వైపు కొత్త కాలనీలో గోడకు గోడ ఆనించి కట్టిన రో హౌస్ ఒకటి చూశాం. గేటు, వాచ్‌మన్, అసోసియేషన్ అన్నీ ఉన్నాయి. నేలలో మాత్రం అందరితో కలిసిన వాటా. రెండోది మా వీధిలోనే, రైలు పట్టాల పక్కన పాత పెంకుటిల్లు. గోడలు పెచ్చులూడాయి కానీ నేలంతా మనదే. మార్త మనసు పెంకుటింటి మీద, నాది గేటు మీద.

తేలని విషయాలకు మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. రెండు చీట్లు రాసి కానుకల సంచిలో వేసి, ప్రార్థన చేసి ఒకటి తీసేవారు. వచ్చిందే దేవుని చిత్తం. సంఘపెద్ద రత్నంగారు చీట్లు రాశారు, నేను తీశాను. రో హౌస్ అని వచ్చింది. అందరూ స్తోత్రం అన్నారు. మార్త తల వంచుకుంది. అప్పుడు ఎస్తేరు టీచరు లేచి వచ్చి సంచిలో చెయ్యి పెట్టింది.

"టీచరమ్మా, అది తియ్యకూడదు," అన్నారు రత్నంగారు.

"ఏటి, రెండోదాంట్లో దేవుడు లేడేటి?" అంటూ విప్పింది. అందులోనూ రో హౌస్ అనే ఉంది.

ఆ కాలనీ కట్టేది రత్నంగారి బావమరిది. "మీ మేలు కోరే రాశాను," అన్నాడు రత్నం. ఇప్పుడు అతనికి 'గారు' తగిలించడం నా వల్ల కాదు. టీచరు మాత్రం నా వైపు తిరిగింది.

"ఈడు మోసం సేసినాడు సరే, నువ్వు బద్దకం సేసినావు. ఆలోసించడానికి దేవుడు బుర్రియ్యలేదేట్రా నీకు? గోడలు పాతబడతాయి, నేల పాతబడదని నీ పెళ్లాం సెప్తంటే ఇనకుండా, సంచినడుగుతన్నావా?"

మరుసటి వారం పెద్దలు తీర్పు చెప్పారు. రత్నం మీద కాదు, ఆమె మీద! ప్రార్థన వేళ కానుకల సంచిలో చెయ్యి పెట్టినందుకు సండేస్కూలు ఆమె నుంచి తీసేశారు. దేవుని పేరుతో అబద్ధం రాసినవాడు ముందు బెంచీ మీదే కూర్చున్నాడు. దాన్ని విప్పిన చెయ్యి అపవిత్రమైంది. ఒప్పుకోనివారిని చెయ్యెత్తమన్నారు. నా చెయ్యి నా ఒళ్లోనే ఉండిపోయింది. రత్నం మీద నాకు కోపముంది, ఎత్తని నా చెయ్యి మీద అంతకంటే ఎక్కువ.

పెంకుటిల్లు కొన్నాం. తాళంచెవి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"ముందు గది అద్దెకివ్వను టీచరమ్మా. పిల్లల్ని అక్కడికే రమ్మనండి."

"అసోసియేషన్ లేదు గదా?"

"లేదండి."

"అయితే సరే. నానెవుడినీ అడగక్కర్లేదు."

మొదటి ఆదివారం పిల్లలతోపాటు నేనూ లోపలికి వెళ్లబోతే ఆపింది. "నువ్వు మెట్టు మీద కూకో. ఆవేల సెయ్యెందుకు ఎత్తలేదో ఆలోసించుకోనొచ్చి సెప్పు."

ఆమె పోయేలోగా ఆ జవాబు చెప్పలేకపోయాను. ఈ మధ్య సంఘంలో ఒక తగవుకు మళ్లీ చీట్లు వేద్దామన్నారు. నేను లేచి సంచిని బల్ల మీద తిరగేసి, ముందు అన్నీ విప్పి చదవమన్నాను. కొందరికి కోపం వచ్చింది. రానీ. నేనింకా ఆ మెట్టు మీదే ఉన్నాను.