నీళ్లు తగ్గకముందే

మా సోషల్ సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. వేంపల్లె హైస్కూల్లో ప్రార్థన ముగించుకుని పదో తరగతికి వెళ్తున్నాను. "మీ సారు లేడు పాపా" అంది ఆయన భార్య. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. పిల్లలను పక్క టీచరుకు అప్పజెప్పి బస్సెక్కాను.

నేనూ సోషల్ టీచర్నే. ఆయన వల్లే అయ్యాను.

మాది శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిపోయిన ఊరు. నేను పుట్టేసరికే అది లేదు. ఆత్మకూరు దగ్గర వేరే ఊళ్లో పెరిగాను. తొమ్మిదో తరగతిలో సారు డ్యాం పాఠం చెబుతూ, ఊళ్లు పోయినవాళ్లందరికీ కొత్త ఊళ్లు కట్టించారని అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట మా నాయనమ్మకు, మా జేజికి చెప్పాను. మర్నాడు ఆమె కొంగు బిగించుకుని వచ్చి క్లాసు వాకిట్లో నిలబడింది.

"ఏం సారూ, మాకు కట్టిచ్చిన ఊరు యాడుండాదో రవ్వంత చూపీ. నేనూ చూస్తా."

పిల్లలంతా కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. సారు మాత్రం తన కుర్చీ ఆమెకు వేసి, మా బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఇక జేజి ఆగితే కదా! ఇల్లు ఖాళీ చేసిన రోజు కూడా వాకిలి ఊడ్చి ముగ్గేసి వచ్చిందట. ఎండాకాలం నీళ్లు తగ్గి మొండిగోడలు తేలితే, ఏటా వెళ్లి తన గడపకు పసుపు పూసి వస్తుందట.

ఆమె వెళ్లాక సారు లేచి, "నిన్న నేను చెప్పింది తప్పు. ఎవురినీ అడక్కుండా చెప్పినా" అన్నారు.

"పరీక్షలో ఏది రాయాల సార్?" అన్నాడు ముందు బెంచీవాడు.

ఆయనకే నవ్వొచ్చింది. "పరీక్షలో పుస్తకంది రాయప్పా. బయట ఎవురన్నా అడిగితే జేజిది చెప్పు."

మా ఊళ్లో మగవాళ్లు తప్పు చేస్తే గొంతు పెంచేవాళ్లు. పిల్లల ముందు ఒప్పుకున్న పెద్దమనిషిని అప్పుడే చూశాను. నేనూ ఈ పనే చేయాలనుకున్నాను.

మా నాయన ఒప్పుకోలేదు. "సోషలా? దానికి ట్యూషన్‌కు కూడా ఎవురూ రారు" అన్నాడు. సారు ఇంటికొచ్చి, "లెక్కలోళ్లు శానామంది ఉండారప్పా. మీ అమ్మ మాట చెప్పేదానికి ఒకరన్నా ఉండద్దా?" అన్నారు. మర్నాడు నాయనే ఫీజు డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటిసారి డీఎస్సీలో పోస్టు రాక నేను ఏడుస్తుంటే, "ఒక యేడు వాన మోసం చేస్తే సేద్యం మానుకుంటామా పాపా?" అన్నదీ ఆయనే.

జేజి పోయాక ఆ పసుపు పని సారు చేతికొచ్చింది. ప్రతి ఎండాకాలం పిల్లలను వెంటబెట్టుకుని పోయి, వాళ్లచేత ఆ గడపకు పూయించేవారు. రిటైరయ్యాక మోకాళ్లు సహకరించలేదు. పోయిన నెల ఫోన్ చేసి, "ఈ ఎండాకాలం నన్ను ఒకసారి తీసుకపో పాపా. మళ్లా అయితాదో కాదో" అన్నారు.

"నీళ్లు తగ్గనీండి సార్, నేనే చెయ్యి పట్టుకుని దింపుతా" అన్నాను. ఆ మాట నిలబెట్టుకునే దాకా ఆయన ఆగలేదు. ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఊరుకోవడం లేదు.

సారును మట్టి చేసిన మర్నాడు ఒక్కదాన్నే మా మునిగిన ఊరి ఒడ్డుకు వెళ్లాను. ఎండలు ఇంకా ముదరలేదు. ఒక్క గోడ కూడా తేలలేదు. ఎటు చూసినా నీళ్లే. నిలబడి ఏడుస్తూనే ఉన్నాను. తన పుట్టి పడవను ఆరబెట్టుకుంటున్న జాలరి ఒకాయన నన్ను గమనించి, "ఎవురి కోసరమమ్మా, ఎండలో నిలబడుకోనుండావు?" అని అడిగాడు.

"మా సారు కోసమన్నా" అన్నాను.

అతను పని ఆపి, ఎవరైనా వస్తున్నారేమోనని నా వెనక దారి వైపు చూశాడు.