నాలుగు గొట్టాల పిలుపు

ఒకచోట నిలబడి ఎదురుచూడటం నాకు ఎప్పుడూ చేతకాదు. ఆ సాయంత్రం అసలే చేతకాలేదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఆలూరు దిక్కున మా అత్తగారి ఊళ్లో కొండదేవుడి పరస, అంటే తిరునాళ్ల. నన్ను చూడటానికి వచ్చిన నాన్న, కొబ్బరికాయ కొట్టించుకుని వస్తానని జనంలోకి వెళ్లి మళ్లీ కనిపించలేదు. నాన్నకు రేచీకటి. పొద్దు గూకితే కాలి ముందున్న గుంట కూడా కనిపించదు. ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వడు. తెలిస్తే పరువు పోతుందట. చీకటి పడగానే తేరు లాగుతారు. మోకులు పట్టుకుని జనం ఒక్కసారిగా కదిలితే చూపున్నవాళ్లే కిందపడతారు.

కర్నూలు మీటింగుల్లో వాడే మైకు సెట్టు ఒకటి ఆ ఏడు మా పరసకూ వచ్చింది. పందిట్లో ఒకాయన కూర్చుని "పిల్లోళ్లు జాగర్త" అంటే, బొంగులకు కట్టిన నాలుగు గొట్టాలు నాలుగు మూలల నుంచి అదే మాట అరిచేవి. పరుగున వెళ్లి ఆయన మీద పడ్డాను.

"ఊపిరి పీల్చుకోమ్మా. ఎవురు తప్పిపోయినారు?"

"మా నాయన. బిరీన పిలువప్పా!"

పేరు చెప్పాను. నాన్నది ఆ కొండదేవుడి పేరే. మా దిక్కున ఆ పేరు లేని ఇల్లు ఉండదు. కంగారులో నాకది తోచనే లేదు. పేరు పిలిచి "నీ బిడ్డ ఈడ ఎదురుచూస్తాండాది, పందిరికాడికి రా" అని మైకాయన అనగానే, ఆ పేరున్న తండ్రులంతా కదిలారు. చంకలో మేకపిల్లతో ఒకతను అందరికంటే ముందు వచ్చాడు. "ఏమైంది నా బిడ్డకు?" అని ప్రతివాడూ నన్నే నిలదీశాడు. తోపులాటకు పందిరి గుంజ ఒరిగింది. వాళ్లలో మా నాన్న లేడు. నాకు ఏడుపొచ్చింది.

మైకాయన వెనక్కి పొమ్మని ఎంత అరిచినా ఒక్కరూ కదల్లేదు. మైకు లాక్కుని నేనే పిలిచాను. "నాయనా, నేను పిలుస్తాండా, ఈడికి రా!" మళ్లీ మళ్లీ పిలిచాను. పడమటి ఎరుపు ఆరిపోతోంది. ఎందుకు రాడు? నాన్నవి పాము చెవులు కదా!

మేకపిల్ల అతను అన్నాడు: "తేరుకాడ ఒక పెద్దాయన ఉండాడమ్మా. గొట్టం పలికినప్పుడల్లా ఇట్లా తిరుగుతాడు, అట్లా తిరుగుతాడు. తాగినాడేమో అనుకుంటి."

నాలుగు దిక్కుల నుంచీ నేనే పిలుస్తుంటే, కళ్లు కనపడని మనిషి ఏ దిక్కుకు నడుస్తాడు?

ఇంక పరువు చూసుకునే ఓపిక నాకు లేదు. "తేరు లాగొద్దండి!" అని మైకులో అరిచాను. "మా నాయనకు రేచీకటి. గలాటా ఆపండి. నా గొంతు ఆయన వినాల!" అని, మైకు ఆపేయమన్నాను.

తప్పెట ఆగింది. అంత జనమూ సద్దుమణిగింది. ఉత్త గొంతుతో పిలిచాను. "నాయనా!"

"ఓ! ఈడుండా!"

నేను పిలుస్తూ, ఆయన పలుకుతూ, జనం దారి ఇస్తుంటే నడిచాను. తేరు చక్రం పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి పట్టుకోగానే విదిలించాడు.

"ఊరంతా చాటితివి గదే."

"చాటితిని. పద."

మళ్లీ చెయ్యి పట్టుకుని నడవబోతుంటే పక్కనుంచి ఒక ముసలాయన మెల్లగా అన్నాడు. "నాకూ అదే బాధ తల్లీ. పందిరిదాకా చేర్చు." అటువైపు నుంచి ఇంకొకరు, ఆ వెనక మరొకరు. నన్ను నిలదీసినవాళ్లలో ఒకడూ ఉన్నాడు. ఇందాక బిడ్డ కోసం జనాన్ని తోసుకుంటూ ఎలా వచ్చాడో మరి.

నాన్న భుజం మీది కండువా తీసి, ఒక కొస తన చేతికి చుట్టుకుని, రెండో కొస వెనక్కి చాపాడు.

"పట్టుకోండప్పా, ఒకరెనక ఒకరు."

నేను ఎప్పటిలాగే తొందరగా అడుగు వేశాను. నాన్న చెయ్యి నన్ను వెనక్కి లాగింది.

"నిదానంగా నడువు పాపా. ఎనక మనుషులుండారు."