మస్తాన్‌బీ అత్త వీధులు

మా మనవడు నరసరావుపేటలో కొత్తగా కొట్టు పెడుతున్నాడు. అమ్మబోయే సరుకులోంచి ఒక ఆముదం సీసా తెచ్చి నా చేతికిచ్చాడు. మూత తీస్తే నీళ్ళలా తేటగా ఉంది, వాసన లేదు. అరచేతిలో పోసుకుని గట్టిగా రుద్దితే, చెయ్యి వేడెక్కాక సన్నగా వాసన వచ్చింది. “యాపారానికి ధైర్యం చెప్పవే అమ్మమ్మా” అన్నాడు వాడు. నాకు మస్తాన్‌బీ అత్త గుర్తొచ్చింది.

అవి యుద్ధం రోజులు. గురజాలలో మా ఇల్లు ఊరి చివర. నా భర్త విషజ్వరంతో పోయి ఏడాది కాలేదు, చంకలో పిల్ల. సత్తెనపల్లి దగ్గర ఉండే మా అన్న, తన ఇంటికి వచ్చెయ్యమని కబురు మీద కబురు పెట్టేవాడు. పోతే అక్కడ నేను తిండికి చేసే పనిమనిషిని, నా కూతురు పనిమనిషి కూతురు. కిరసనాయిలు దొరక్క ఊరంతా ఆముదపు దీపాలు పెడుతున్న కాలం కాబట్టి, ఆముదం వండి అమ్ముకుని బతుకుదామనుకున్నాను. పక్కింటి మస్తాన్‌బీ అత్త బతుకుతెరువూ అదే. పోటీకి వచ్చానని తిడుతుందనుకుంటే, గింజలు దంచుకోమని తన రోలే చూపించింది. “నా వీధుల్లోకి మాత్రం రామాక. అయ్యి మా కాశిం పెళ్ళానికి” అంది. కాశిం ఆమెకు ఒక్కడే కొడుకు. పెళ్ళి కాకుండానే పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. మా ఊళ్ళో నూనె అమ్మేవాళ్ళకు ఎవరి వీధులు వారివి. ఒకరి వీధిలో ఇంకొకరు కేక వేయకూడదు. ఆ వీధులు అత్తగారి నుంచి కోడలికి నగల మాదిరిగా దక్కేవి. నాకు మిగిలింది బండ్ల దారి పక్కన ఉన్న కొద్దిపాటి గుడిసెలు.

మొదటి వంటే చెడగొట్టాను. గింజలు కొంచెం కొంచెంగా వేయించాలి. కట్టెలు మిగులుతాయని నేను మొత్తం ఒకేసారి మంగలంలో పోశాను. అడుగువి మాడాయి, పైవి పచ్చిగానే ఉన్నాయి. దంచి ఉడికించి పైకి తేలిన నూనె తీస్తే నల్లగా, కమురు కంపు. అదే రోజు మా అన్న బండి కట్టుకుని వచ్చాడు. కుండలోకి తొంగి చూసి, “చేసిన యాపారం చాల్లే, సర్దు” అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, “పోనీ, కాస్త మంచి నూనె తెచ్చి కలుపు. ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు.

గోడ అవతలి నుంచి అత్త విని వచ్చింది. కుండలో వేలు ముంచి వాసన చూసింది.

“ఏమే, కట్టెలు మిగిలినయ్యా?”

నేను తల వంచుకున్నాను.

“మంచి నూనెలో కలిపితే రెండూ పోతయ్. ఏ బాలింతో కొనుక్కపోయి బిడ్డ నడినెత్తిన పెట్టిద్ది. కాలిందని చెప్పే అమ్ము.”

“కాలిన నూనె కొనేదెవరత్తా?”

“బండి ఇరుసుకు ముక్కుందా ఏంది?”

గడ్డి కాల్చిన మసి ఆ నూనెలో కలిపి, ఇరుసులకు పూసే కందెన చేయించింది. మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళు మోసుకొచ్చే బండ్లు మా ఇంటి ముందే ఆగేవి. కాలిన ఆముదమని నేను కేక వేస్తే, బండివాళ్ళు ముందు నవ్వారు, ఆ తరువాత కొన్నారు. మా అన్న బండి కూడా ఆ కందెనే పూసుకుని, నన్ను ఎక్కించుకోకుండా వెళ్ళిపోయింది.

యుద్ధం ముగిసింది. పటాలంలో చేరినవాళ్ళు రైలు దిగి ఒక్కొక్కరే ఇళ్ళు చేరారు. అత్త ప్రతివారినీ కాశిం గురించి అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆ వానాకాలం బండ్లు ఆగిపోయి, నా పొయ్యి కూడా ఆరిపోయింది. ఈసారి అన్న వస్తే ఎక్కి పోవడమేనని పిల్ల గుడ్డలు మూట కట్టాను. అత్త ఆ మూట చూసింది. మర్నాడు పొద్దున తన నూనెకుండ తెచ్చి నా నెత్తిన పెట్టి, “నడువు” అంది.

తన వీధుల్లో ప్రతి గడప ముందూ నన్ను నిలబెట్టింది. “ఇకనించి ఈ పిల్ల వచ్చిద్ది. కట్టెల కాడ పిసినారి గానీ కొసరు కాడ కాదు” అని నవ్వించింది కూడా. చివరి ఇంటి ముసలమ్మ గిన్నె తెచ్చి, “మీ కాశిం కబురేమన్నా తెలిసిందా మస్తానూ?” అని అడిగింది. అత్త నూనె కొలిచి పోసి, కొసరు పోసి, గిన్నె అంచును పైటచెంగుతో తుడిచింది.

“వీధులిచ్చేశాను గదమ్మా” అంది.

వచ్చిన దారిన తిరిగి రాలేదు. చేలగట్ల మీదుగా ఇల్లు చేరింది. ఆ తరువాత ఆమె ఆ వీధుల్లో అడుగు పెట్టడం నేను చూడలేదు. బతికినన్నాళ్ళూ నాకు గింజలు చెరిగి పెట్టింది. బేరం ఎట్లా సాగిందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఆ వీధుల మీదే నా కూతురు పెరిగింది. నాది గట్టి గుండె అని నలుగురూ అన్నారు, కాదనలేదు. కానీ ఇప్పటికీ మా మనవడి మాదిరిగా పిల్లలెవరైనా కొత్తగా వ్యాపారం మొదలుపెట్టి, చానా మంచి చోటు దొరికిందని సంబరంగా చెబితే, అక్కడ ఇంతకుముందు ఎవరుండేవాళ్ళని అడుగుతాను. తెలియదంటారు. తెలుసుకుని, ఒకసారి వాళ్ళ ఇంటికి పోయి రమ్మంటాను.