ఆంబ్రోస్ గాదెకు పడ్డ కన్నం

మా విల్ట్‌షైర్ పల్లెల్లో ఆంబ్రోస్ లెగ్ చెయ్యి తిరిగిన వడ్రంగి. స్ట్రైడ్ దొర గాదె కట్టింది అతనే. పుట్టగొడుగుల్లా గుండ్రటి టోపీలున్న రాళ్లమీద నిలబెట్టాడు దాన్ని. ఎలుక రాయి పట్టుకుని ఎగబాకినా టోపీ అంచు దగ్గర జారి పడాల్సిందే. మెట్లు కూడా గడపను తాకవు, జానెడు ఎడంగానే ఆగిపోతాయి. తలుపులో పిల్లి దూరేంత కంత. లోపల గింజ జారే సందు లేని ఓక్ చెక్క నేల.

ఆ యేడు వానలకు పంట కుళ్లింది. నూర్పిడి యంత్రం వచ్చి కూలిపనీ పోయింది. ఆంబ్రోస్ చెల్లెలు కెజయా మా పక్కింట్లో ఉండేది. మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు. ఆఖరివాడికి ఆకలికి ఏడ్చే ఓపిక కూడా పోయింది.

ఆంబ్రోస్ దొర దగ్గరికెళ్లాడు. "కాసిని గోధుమలిప్పించండి దొరా. పనిచేసి తీర్చుకుంటాను."

"ఇప్పుడా? ఎండలు రానీవోయ్, ధర ఇంకా లేస్తుంది."

పిల్లాడు ఆ వారమే పోయాడు. శవపెట్టె చేసింది మేనమామే.

ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా ఆంబ్రోస్ గాదె కింద వెల్లకిలా పడుకుని, తను బిగించిన చెక్కకే బరమాతో కన్నం వేశాడు. గోధుమలు సన్నటి ధారగా సంచిలోకి దిగాయి. నిండాక కన్నానికి బిరడా కొట్టి, సంచి తెచ్చి చెల్లెలికిచ్చాడు.

"ఎక్కడివన్నయ్యా ఇన్ని?"

"పిల్లలకు పెట్టు. అడక్కు."

గాదెలో గింజలు గుంట పడటం చూసి దొర కానిస్టేబుల్‌ని పిలిపించాడు. ఇళ్లు వెతికారు. కెజయా పరుపులో సంచి దొరికింది.

"గాదె కింద పందికొక్కు దొరికిందిరోయ్!" అని దొర పాలేరు వాకిట్లో కేకేశాడు.

"నేనే తీశాను," అంది కెజయా.

బండెక్కిస్తుంటే ఆంబ్రోస్ పరుగెత్తుకొచ్చాడు. "దాన్ని దించండి! దానికి బరమా పట్టుకోవడమే రాదు. ఆ పని నాది."

"నువ్వు కట్టిన గాదెకు నువ్వే కన్నమేస్తావా? చెల్లెలి కోసం అబద్ధాలాడకు," అన్నాడు కానిస్టేబుల్.

ఆంబ్రోస్ అందర్నీ గాదె దగ్గరికి తీసుకెళ్లి, కిందికి పాకి బిరడా లాగాడు. గోధుమలు అతని మొహమ్మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

తనొక్కడే పోతాననుకున్నాడు పాపం. అతనికి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేసి ఓడెక్కించారు. దొంగసొత్తు దాచిందని కెజయాకూ ఆర్నెల్లు జైలు వేశారు. పిల్లలిద్దర్నీ పేదల ఆశ్రమంలో పడేశారు. దొర పైవూరి వడ్రంగిని పిలిపించి గాదె అడుగంతా రేకు కొట్టించాడు.

కెజయా జైలు నుంచి ఆశ్రమానికి వచ్చేసరికి పెద్దపిల్ల పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. చిన్నది అక్క వెనక నక్కి, "ఈవిడెవరే?" అంది.

ఆ చలికాలమే పాదిరిగారు ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి, టోపీ తీసి చెప్పారు. "ఓడలో జ్వరమొచ్చిందటమ్మా. మీ అన్న ఒడ్డు చేరలేదు."

"ఏ సముద్రంలో వేశారండీ?" అని అడిగింది కెజయా.

ఆయనకు తెలీదు.