దేవేంద్ర మోసుకొచ్చిన గడప

ఆమదాలవలస స్టేషన్ నుంచి పాత బజారు దాకా ఒక ఇంటిని దూలాలతో, పెంకులతో, చూరులోని పిచ్చికలతో సహా భుజానేసుకుని ఒక్క దమ్ములో మోసుకొచ్చిన మొనగాడు దేవేంద్ర. నమ్మకపోతే స్టేషన్ బయట టీ కొట్టు లక్ష్మణమ్మని అడగండి. అతను అడుగేస్తుంటే రోడ్డు దిగబడిందనీ, గూడ్సుబండి దారిచ్చి పక్కన నిలబడిందనీ ఒట్టేసి మరీ చెబుతుంది.

ఇంతకీ ఆ ఇల్లు నూరేళ్లుగా పాత బజారులోనే ఉంది. ఎవరో ధాన్యం షావుకారు కట్టించిన మండువా ఇల్లు. నడిమధ్యన ఆకాశం, చుట్టూ వసారాలు, తుమ్మితే రాలే గోడలు. కిరాణా కొట్టు దేవేంద్ర దాన్ని కొని, "బాగు సేసి పిలుస్తాను" అని భార్య పద్మకుమారినీ కూతురు రేఖనీ గరివిడిలో ఆమె పుట్టింట దించి, ఒక్కడే వచ్చి అందులో దిగాడు.

పగలు కొట్టు, పొద్దు వాలాక గోడలు గీకడం. ఏ గదీ చిన్నబుచ్చుకోకూడదని రోజుకో గదిలో కూర్చుని అన్నం తినేవాడు. అతను ఒకసారి దగ్గితే గదులన్నీ వరసగా దగ్గేవి. ఆ ఇంట్లో అతనికి దొరికిన పలకరింపు అదొక్కటే.

అంతలో టైల్స్ మేస్త్రి ఒక సలహా పారేశాడు: "గడప తీసెయ్ బాబూ, బండి తిన్నగా లోపలికి వచ్చేస్తాది." దేవేంద్ర ఊ అన్నాడు. ఎందరో ఇల్లాళ్ల చేతి పసుపుతో నున్నబడిన గడప కాస్తా విజయనగరంలో పాత కర్రల దుకాణానికి వెళ్లిపోయింది. ఆ ఘనకార్యాన్ని అతనే ఫొటో తీసి భార్యకి పంపాడు. వెంటనే ఫోను మోగింది.

"బావా, గడపేది?"

"తీయించీసినాను. బండి సుర్రుమని లోపలికొచ్చేస్తాది, సూసినావా!"

"మరి శుక్రారం పసుపు దేనికి రాయాల? నీ బండి సక్రానికా?"

"అదేటే పద్దూ..."

"గడప నేకపోతే అది ఇల్లు కాదు, గోదాం. కందిపప్పు బస్తాలు పెట్టుకో. నాను రాను."

ఆ తర్వాత ఆమె ఫోను ఎత్తలేదు. రేఖ ఎత్తి, "అమ్మ పనిలో ఉంది నాన్నా" అనేది. ఎప్పుడు చేసినా అదే పని.

దేవేంద్ర కొట్టు మూసి విజయనగరం పరుగెత్తాడు. కర్రల గుట్టలో అడుగున పడి ఉన్న గడపని, పసుపు మరక చూసి పోల్చుకున్నాడు. ప్యాసింజరులో వేసుకుని తెచ్చాడు. వడ్రంగి గిరిబాబు మాత్రం ఉలి ముట్టలేదు.

"ఇల్లాలు నవధాన్యాలు పొయ్యకుండా గడప కూకోబెట్టను. ముందు అమ్మిని రప్పించు."

దేవేంద్రకి కావలసిందీ అదే. కబురు రేఖతో పంపాడు. వంటింట్లో కొత్త పొయ్యి కడిగి, మూడు కంచాలు తోమి పెట్టాడు.

మంచిరోజున పద్మకుమారి ఒక్కతే వచ్చింది. గుంతలో నవధాన్యాలు పోసింది, గిరిబాబు గడప నిలబెట్టాక పసుపు రాసి బొట్లు పెట్టింది. లోపలికొచ్చి గదులన్నీ తిరిగింది. వంటింటి గోడ మీద చెయ్యి వేస్తే గుప్పెడు సున్నం రాలింది. దేవేంద్ర 'ఉండిపో' అనబోయి, "టీ తాగుతావేటి?" అన్నాడు.

"బండి టైమైపోతంది బావా. రేఖకి పదో తరగతి పరీక్షలున్నాయి. అవి అయ్యాక సూద్దాం." గడప దాటి, మళ్లీ వెనక్కి తిరిగి పసుపు డబ్బా అతని చేతిలో పెట్టింది. "శుక్రారాలు మాత్రం వదిలెయ్యకు."

వదల్లేదు. ఆరడుగుల మనిషి ప్రతి శుక్రవారం గొంతుక్కూర్చుని గడపకి పసుపు రాస్తాడు. బొట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పడతాయి. ఓ శుక్రవారం ఎదురింటి బుల్లమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏటి దేవేంద్రా, స్టేషన్ కాడ నించి ఇల్లంతా బుజాన మోసుకొచ్చినావట గదా! నిజమేనేటి?"

అతను తల ఎత్తలేదు.

"ఇల్లు కాదు, గడపొక్కటే. రిక్షా మీదొచ్చింది. నాను ఎనకాల నడిసినాను."