జరిగిపోయిన బావి

మా మార్కాపురంలో పలక మీద అక్షరాలు దిద్దకముందే పిల్లలు పలకముక్కల మీద నడక నేర్చుకుంటారు. గనిలో పలకకు పనికొచ్చే రాయి పిడికెడైతే పనికిరానిది బండెడు. ఆ బండెడూ ఎక్కడ పోస్తే అక్కడ దిబ్బ. మా వీధిలో గుర్తులన్నీ దిబ్బలే. మాది "దిబ్బకు ఎడమ పక్క ఇల్లు".

ఆ దిబ్బకు మూలపురుషుడు మా నాయన. ఒక కరువేడు పెరట్లో బావి ఎండింది. ముక్కలు పోసుకోవడానికి గని బండ్లవాళ్లు చోటడిగారు. నీళ్లు లేని బావి ఊరికే నోరు తెరుచుకుని ఉండటం నాయనకు నచ్చలేదు. "పోసుకోండి" అన్నాడు. బావి నిండింది, నీళ్లతో కాదు. నిండాక కూడా బండ్లు ఆగలేదు. పెరడంతా దిబ్బయింది. తర్వాత వానలు పడి అందరి బావుల్లోకీ నీళ్లొచ్చాయి. మా అమ్మ మాత్రం కడవ ఎత్తుకుని ఊరి చివరిదాకా పోయేది.

రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదు పోయాక వచ్చిన ఎండాకాలం. నేను గిద్దలూరు బడిలో కొత్తగా పంతులునై, సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ పొద్దున అమ్మ ఖాళీ కడవ తెచ్చి నాయన ముందు పెట్టింది.

"ఇంగ నా నడుం వల్ల గాదు. నా బాయి నాకు తవ్వియ్యి."

"తవ్విద్దాంలే. యాడుండేదో చెప్పు."

చిక్కంతా అక్కడ వచ్చింది. మునగచెట్టు కింద అన్నాడు నాయన. ఆ చెట్టు ఎప్పుడో పోయింది. వంటింటి తలుపుకు ఎదురుగా అంది అవ్వ, అంటే నాయన తల్లి. ఆ తలుపు ఇప్పుడు ఇంకో గోడకుంది.

"నేను చేదేటప్పుడు పొద్దుటి ఎండ నా ఎడం చేతి మీద పడేది," అంది అమ్మ. అమ్మది ఎడమచేతి వాటం. అందరూ గట్టుకు కుడి కొసన నిలబడి చేదితే, ఆమె ఎడమ కొసన చేదేది.

"నీకన్నీ ఎడమే!" అంది అవ్వ.

చదువుకున్నవాణ్ణి కదా అని చివరికి నన్నడిగారు. చిన్నప్పుడు తొంగిచూసిన బావి నా కళ్లలో కంభం చెరువంత ఉంది. నా జ్ఞాపకమే నిజమైతే ఇంటిల్లిపాదీ అప్పటికే బావిలో నిలబడి ఉన్నాం.

"బాయి యాడికి పోతాదిరా?" అని అవ్వ విసుక్కుంది.

"రాజధానే జరిగిపోయె, బాయి జరగదా?" అన్నాడు నాయన.

ఎవరి గుర్తు దగ్గర వాళ్లం తవ్వాం. అవ్వ పెరటి మూలన మంచం మీద కూర్చుని చెప్పిన చోట నేను తవ్వాను. గని ఊళ్లో అందరికీ ఒకటే అలవాటు, తవ్వింది వెనక్కి పోయడం. నాయన వెనక్కి పోసింది నా గుంటలో పడేది. నేను పోసింది అమ్మ గుంటలో, అమ్మది నాయన గుంటలో. వారం గడిచినా బావి దొరకలేదు గానీ, దిబ్బ మాత్రం ఇంటికి అవతలి పక్కకు నడిచి వెళ్లింది.

అప్పుడే పొదిలి నుంచి మా మేనమామ వచ్చాడు. "దిబ్బకు ఎడమ పక్క ఇల్లు" చూసుకుని తిన్నగా పక్కింట్లోకి పోయాడు. వాళ్లు మర్యాదస్తులు, కాళ్లకు నీళ్లిచ్చి అన్నం పెట్టారు. మజ్జిగ పోసుకునేటప్పుడు అనుమానమొచ్చి, "మా చెల్లెలు యాడ?" అని అడిగాడట.

చేయి కడుక్కుని మా పెరట్లోకి వచ్చి చూశాడు.

"ఏం బావా, ఒక బాయి పోగొట్టుకుని మూడు గుంటలు సంపాయించినావే! ఆ మంచం కింద ఎందుకు తవ్వలా?"

"ఆడ ఉండేదని ఎవురూ అనలా," అన్నాడు నాయన.

"అనినకాడ దొరికిందా?"

అవ్వను మంచంతో సహా ఎత్తి పక్కన పెట్టాం. ఎవరి జ్ఞాపకంలోనూ లేని ఆ మూల తవ్వుకుంటూ పోతే, ఒక రోజు రాతి పొరల సందుల్లోంచి నీళ్లు ఊరాయి.

"మొదటినుంచీ ఈడేనని నేను మొత్తుకోలా?" అంది అవ్వ.

"నేననింది కూడా ఈడే," అన్నాడు నాయన.

అమ్మ దోసిట పట్టి తాగింది. "అవే నీళ్లు," అంది.

ఆ సాయంత్రానికి మునగచెట్టూ, పాత తలుపూ, పొద్దుటి ఎండా అన్నీ జరిగి ఆ మూలకు చేరాయి. నా కంభం చెరువు కూడా బుద్ధిగా ముడుచుకుని అందులోనే ఇమిడింది.

కొన్నేళ్లకు వీధి వెడల్పు చేశారు. దిబ్బ పోయింది, దాంతోపాటు మా పెరడు సగం పోయింది. మట్టి తీస్తుంటే నడివీధిలో పాత బావి గట్టు బయటపడింది. నాయన చేతికర్రతో వెళ్లి చూసి వచ్చి జాలిపడ్డాడు.

"ఎవురో పాపం! బంగారట్లాంటి బాయిని రాళ్లేసి పూడ్చుకున్యారు. ఎంత తెలివిమాలినోళ్లో!"

ఆయన లోపలికి పోయాక అమ్మ వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. గట్టు రాతి మీద తాళ్ల ఒరిపిడికి పడిన గాడులున్నాయి. కుడి కొసన నాలుగైదు. ఎడమ కొసన ఒక్కటే, లోతుగా. అమ్మ వంగి అందులో వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

"మనదేనామ్మా?" అన్నాను.

"మనది ఇంట్లో ఉండాది గదరా," అంది అమ్మ. "మీ నాయనతో ఏం అనబాక. పాపం, ఇప్పుడే ఎవురినో తిట్టి వచ్చినాడు."

లేచి, ఎడమ చేత్తో కొంగు దులుపుకుని, నీళ్లు చేదడానికి ఇంట్లోకి పోయింది.