చెక్క బండికి కొత్త తలుపు

బడిపిల్లలను ఎక్కించుకునే మా పాత చెక్క స్టేషన్ వ్యాగన్‌కు వెనక తలుపు పుచ్చిపోయింది. అలాంటిది కావాలని అడిగితే అబిడ్స్ మోటారు దుకాణంలో నవ్వారు. చివరికి నాంపల్లిలో వడ్రంగి మల్లయ్య చేత టేకు తలుపు చేయించాను. ఈ రోజు బిగించబోతే పట్టలేదు. ఆయన చిత్రిక పట్టీ పట్టీ ఎంత అరగదీశాడంటే, పక్కన నా బొటనవేలు దూరేంత సందు పడింది.

"ఇదేంటి మల్లయ్యా, రేపు ఇందులో పిల్లలు ఎక్కాలి!" అన్నాను.

"ఫికర్ జెయ్యకున్రి సార్. వానలు పడితే చెక్క ఉబ్బుతది, గప్పుడు మంచిగ పడ్తది."

ఇది మార్చి నెల! గడియ అందని తలుపును తాడుతో కట్టుకుని, గన్‌ఫౌండ్రీ మీదుగా మండిపోతూ వచ్చాను. రేపు బండి రాదని పిల్లల ఇళ్లన్నీ తిరిగి చెప్పి ఇప్పుడే కూర్చున్నాను. తలుపు కోసం జూన్ దాకా ఆగమన్న వడ్రంగి మీకెవరికైనా తగిలాడా?